జేమ్సీనా గోడ

వాటీ బెయిన్ చచ్చిపోయేటప్పుడు కూడా ఇనుము వదల్లేదు. ఆసుపత్రి మంచం ఊచని కుడిచేత్తో బిగించి పట్టుకుని, ఎడంచేత్తో పెళ్ళాన్ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు. అచ్చిరాని మాట నోటికొచ్చేలా ఉంటే ముందు ఇనుము ముట్టుకోవాలని పోర్ట్‌గారోలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. జేమ్సీనా కుర్చీ జరుపుకుని వంగింది.

"నన్ను కాల్చి, బూడిద మన గుంట దగ్గర కలిపెయ్యి," అన్నాడు వాటీ.

గుంట అంటే ఆయన హాడక్ చేపలు పట్టే చోటు. రేవుకి గంట ప్రయాణంలో, నీళ్ళ కింద ఎక్కడో ఉంది. సరిగ్గా ఎక్కడో ఆయనకీ, బోటు మీద ఆయనతో పనిచేసే ఇద్దరికీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు. మిగతా బోట్ల వాళ్ళు తాగించి అడిగారు, తిట్టి అడిగారు, దొంగచాటుగా వెనకాల వెళ్ళి చూశారు. అలా వచ్చినవాళ్ళని వాటీ మధ్యాహ్నం దాకా సముద్రమంతా తిప్పి, ఖాళీ బోటుతో ఇంటికి తీసుకొచ్చేవాడు.

"అలాగే," అంది జేమ్సీనా.

"ప్రార్థన అక్కడే చదివించు. పొట్టిగా కాదు, మొత్తం."

"అలాగేలే."

"నల్లకోటు మాత్రం నా బోటెక్కకూడదు."

నల్లకోటు అంటే పాదిరి. ఆ మాట పైకి అంటే చేపలు పారిపోతాయని ఊళ్ళో మగవాళ్ళంతా నల్లకోటు అనే అంటారు.

"నీళ్ళ మీద ప్రార్థన చదవాలి, చదివే మనిషి బోటెక్కకూడదు. ఎలా కుదురుతుందయ్యా? పాదిరమ్మేమన్నా నీళ్ళ మీద నడిచొస్తుందా?"

"వాళ్ళ యజమాని నడిచాడుగా," అన్నాడు వాటీ మూలుగుతూనే. "అదంతా నువ్వు చూసుకో."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఆఖరి మాట ఎప్పుడూ అదే. పైకప్పు కారుతోందంటే నువ్వు చూసుకో, మా అమ్మకి పక్షవాతం వచ్చిందట నువ్వు చూసుకో అని, తను బోటెక్కి వెళ్ళిపోయేవాడు. ఈసారీ అంతే చేశాడు. మర్నాడు పొద్దున, పోటు దిగుతున్న వేళకి, ఆ ఊచ పట్టుకునే వెళ్ళిపోయాడు.

పోర్ట్‌గారో మగవాళ్ళు అలకి భయపడరు, గాలికి భయపడరు, పన్నుల వాళ్ళకి కూడా పెద్దగా భయపడరు. వాళ్ళ భయమంతా పందికీ, పాదిరికీ, ఆడదానికీ. రేవుకి వెళ్తుంటే వీటిలో ఏది ఎదురొచ్చినా వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పేసి, మర్నాటి దాకా కదలరు. అలాంటి ఊరికి చర్చి పెద్దలు రెండేళ్ళ కిందట రోనా టుల్లోక్‌ని పంపించారు. పాదిరి, పైగా ఆడది, పైగా ఎర్రజుట్టు. "పంది ఒక్కటే తక్కువైంది," అన్నాడు వాటీ ఆ రోజు, పొయ్యి చట్రాన్ని ముట్టుకుంటూ.

రోనా మంచి మనిషే. మంచితనంతో పాటు పొద్దున్నే రేవు గోడ మీద నడవాలన్న సరదా కూడా ఉండటమే వచ్చిన చిక్కు. ఆవిడ బంగళా గుట్ట మీద చర్చి పక్కన ఉంది. దిగే దారి ఒక్కటే, అది తిన్నగా బోట్ల దగ్గరికే దిగుతుంది. ఆ బంగళాలో ఊడ్చి తుడిచే పని జేమ్సీనాది. అందుకని కింది వీధి ఆడవాళ్ళంతా కలిసి, బోట్లు రేవు దాటేదాకా పాదిరమ్మని ఇంట్లోనే ఆపే పని కూడా ఆమె నెత్తిన పెట్టారు. ఒకరోజు పొయ్యి పొగ చిమ్మింది. ఒకరోజు పిల్లి తప్పిపోయింది. బంగళాలో పిల్లే లేదు, అది వేరే సంగతి. ఇంకోరోజు జేమ్సీనాకి ఉన్నట్టుండి ఆదాము పక్కటెముక గురించి పెద్ద సందేహం వచ్చింది. ఇలా రెండేళ్ళు అబద్ధాలాడి ఆడి, ఆమెకి ఆవిడంటే ఇష్టం ఏర్పడిపోయింది. ఊళ్ళో ఎవరితోనూ చెప్పుకోగలిగిన ఇష్టం కాదది.

వాటీ పోయాక జేమ్సీనా చేసిన మొదటి పని రంగుల కొట్టుకెళ్ళి పసుపు రంగు డబ్బా కొనడం. కింది వీధి ఇళ్ళన్నీ సముద్రానికి భుజం తిప్పి నిలబడతాయి. గుమ్మాలు సందులోకి, కిటికీ లేని పక్కగోడలు నీళ్ళవైపు. ఆ గోడలన్నీ బూడిదరంగు రాయి, జేమ్సీనాది ఒక్కటే తెలుపు. ఏటా వసంతంలో వాటీ నిచ్చెన వేసుకుని సున్నం కొట్టేవాడు, ఆమె కింద నిచ్చెన పట్టుకునేది. "ఒక్క ఏడు పసుపు వేద్దామయ్యా, కంటికి వెచ్చగా ఉంటుంది," అని ఏటా బతిమాలేది. "తెలుపే," అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. లోపల నెత్తిన చినుకులు పడుతున్నా పట్టని మనిషి బయటి గోడకి మాత్రం రెండు పూతలు పూసేవాడు. ఒకసారి ఆమె ఆ గోడకి అడ్డంగా తాడు కట్టి నల్లదుప్పట్లు ఆరేసింది. ఆ సాయంత్రం ఖాళీ బోటుతో వచ్చి ఆమె మీద ఒంటికాలి మీద లేచాడు. చేపలు పడకపోతే దుప్పట్లేం చేశాయని అడిగితే, వారం రోజులు మాట్లాడటం మానేశాడు.

"శవం చల్లారకముందే రంగులా!" అని పక్కింటి బీనీ డబ్బా చూసి ముక్కున వేలేసుకుంది.

"కాల్చి వారమైంది. ఇంకా చల్లారకపోతే నేనేం చెయ్యను?" అంది జేమ్సీనా. సాయంత్రానికి డబ్బా సంగతీ, ఈ మాటా ఊరంతా పాకిపోయాయి.

బూడిద పెట్టె వంటింట్లో టీ డబ్బా పక్కన ఉంది. దానికెదురుగా కూర్చుని ఫర్కర్, టాటీ పొగచేప చారు జుర్రుకుంటున్నారు. ఫర్కర్ వాటీ బాబాయి కొడుకు, ఇప్పుడు బోటుకి వాడే పెద్ద. టాటీ ఇంజనూ వంటా చూస్తాడు. బంగాళాదుంప తప్ప ఇంకేదీ ఉడికించడం రాదు కనక, ఊరి మాటలో ఆ దుంపకున్న టాటీ అన్న పేరే వాడికి స్థిరపడింది.

"ప్రార్థనదేముంది, రేవులోనే చదివించేస్తే పోలా వదినా?" అన్నాడు ఫర్కర్.

"గుంట దగ్గర అన్నాడు."

"అయితే కాగితం మీద రాసిమ్మను. నేను చదువుతా."

"నువ్వా? నీ పెళ్ళిలో పెళ్ళికూతురి పేరే తప్పు చదివావు."

టాటీ చారు గిన్నె కింద పెట్టాడు. "టేపులో పట్టుకుంటే?"

"ఆ గొంతు బోటు మీదుంటే ఆ మనిషి ఉన్నట్టే కాదూ?" అని ఫర్కర్ చెంచాని గట్టిగా పట్టుకున్నాడు, అందులోనూ కొంత ఇనుముంటుందని.

జేమ్సీనాకి ఒళ్ళు మండింది. "మీకు నవ్వులాటగా ఉందేమో. ఆయనకి నేను మాటిచ్చాను. అది జరక్కపోతే ఆ పెట్టె అక్కడే ఉంటుంది, నేను రోజూ టీ కాచుకుంటూ దాని మొహం చూడాలి. నాకంత ఓపిక లేదు." కాసేపు పెట్టెకేసి చూసి, నెమ్మదిగా అంది. "బోటెక్కకూడదన్నాడు. వెనకాల రాకూడదనలేదుగా?"

ఇద్దరి చెంచాలూ గాల్లో ఆగిపోయాయి.

"మీ తెడ్ల పడవ ఉందిగా. దాన్ని తాడుతో బోటుకి కట్టి లాగండి. పాదిరమ్మ అందులో కూర్చుంటుంది."

ఫర్కర్ చాలాసేపు ఆలోచించాడు. "తాడు ఎంత పొడుగుండాలంటావ్?"

"నీ భయం ఎంత పొడుగుంటే అంత. నేను ఆయన పెట్టెతో బోటు మీద వస్తాను."

"నువ్వా?" ఫర్కర్ టాటీకేసి చూశాడు, టాటీ చారుకేసి చూశాడు. "అంటే... వదినా... నువ్వు కూడా మరి..."

"నీళ్ళు నమలకు. బోటు ముక్కు మీద తెల్లక్షరాలతో జేమ్సీనా అని రాసుంది, ఎవరి పేర్రా అది?"

"పేరు ఎక్కొచ్చు వదినా. మనిషే ఎక్కకూడదు."

తను కుట్టిన వలలు, తను అల్లిన స్వెట్టర్లు, తను కట్టిన రొట్టెలు అన్నీ ఆ బోటెక్కాయి. బతికుండగా ఆయన తన చెయ్యి పట్టుకుని ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు. పోయాకైనా ఎక్కనివ్వరన్నమాట. సరే, నేనూ తాడు వెనకాలే వస్తానంది జేమ్సీనా.

రోనాకి ఈ ఏర్పాటంతా చెప్తే, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నన్ను తాడేసి లాగుతారా! చర్చి పెద్దలకి చెప్తే నమ్మరు." తర్వాత టీ పోస్తూ, "పొద్దున్నేగా బయల్దేరేది? అయితే ఆ రోజు పొయ్యి పొగ చిమ్మదన్నమాట," అంది.

జేమ్సీనాకి తల కొట్టేసినట్టయింది. "ఎప్పట్నుంచి తెలుసమ్మా మీకు?"

"లేని పిల్లి తప్పిపోయిన రోజు నుంచీ."

"మరి ఎందుకూరుకున్నారు? తోసుకుని వెళ్ళిపోవాల్సింది."

"ఈ ఊళ్ళో నా బల్ల దగ్గర కూర్చుని టీ తాగేది మీరొక్కరే, జేమ్సీనా గారూ. రేవు గోడదేముంది, ఎక్కడికీ పోదు."

జేమ్సీనా రోజూ తుడిచే ఆ బల్లనే మళ్ళీ తుడిచింది.

ఆ శనివారం సముద్రం పళ్ళెంలో పాలలా ఉంది. పాదిరమ్మ గుట్ట దిగుతోందని ముందే తెలిసి, రేవులో మగవాళ్ళందరూ ఐసు ఫ్యాక్టరీ గోడకి మొహాలు తిప్పి వరసగా నిలబడ్డారు. ఆవిణ్ణి చూడకుండా ఉండటమే ఆ పూట అందరి పనీ అని అటుగా వచ్చినవాడికి అనిపించేది. టాటీ బూడిద పెట్టెని చుక్కాని ముందు వాటీ కుర్చీలో పెట్టి, దానికి వాటీ టోపీ తొడిగాడు. ఆడవాళ్ళిద్దరూ తెడ్ల పడవలోకి దిగారు. తాడు భయమంత పొడుగే ఉంది. బోటు కదిలింది, దాని పొగంతా నేరుగా వీళ్ళ మొహాన కొట్టింది.

"మీ ఆయన మనల్ని బానే తీసుకెళ్తున్నాడు," అని దగ్గింది రోనా.

"బతుకంతా ఇంతేనమ్మా. ఆయన ముందు, పొగ నాకు."

రేవు గోడ దాటి కొంతదూరం వెళ్ళాక జేమ్సీనా వెనక్కి తిరిగి చూసింది. చూసి, పడవ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. పుట్టి పెరిగిన ఊరిని ఆమె సముద్రం మీంచి ఎప్పుడూ చూడలేదు. ఊరు దాటితే బస్సెక్కి అబర్డీన్ వైపే కానీ ఇటు వచ్చింది లేదు. ఇప్పుడు ఊరంతా ఒక్క చూపులో, షాపు కిటికీలో పెట్టిన కేకులా ఎదురుగా ఉంది. మీది వీధిలో డాక్టరూ, స్కూలు పెద్దా కాపురముండే తిన్నని ఇళ్ళు, కింది వీధిలో ఒకదాన్నొకటి తోసుకుంటున్న తమ ఇళ్ళు. దేవుడొక్కడే అయినా ఊరికి నాలుగు చర్చిలు, ఒకదాని మీద ఒకటి అలిగి నాలుగు మూలలకి జరిగినవి. మూడు తరాల కిందట తప్పు దిక్కుకి కట్టి, ఇంకా ఎవరూ ఒప్పుకోని రేవు గోడ. చేపలు పొగబెట్టే కొట్టం, దాన్ని ఆనుకునే సారా దుకాణం, అందులోంచి మగవాళ్ళని లాక్కొచ్చే మెట్లు. తను కొట్లాడిన సందులు, పెళ్ళయిన చర్చి, అమ్మని పాతిపెట్టిన గుట్ట అన్నీ అరచెయ్యి అడ్డం పెడితే మరుగైపోయేంత ఉన్నాయి. ఇంత చిన్న ఊళ్ళోనా ఇన్నేళ్ళు ఇంత పెద్ద పెద్ద పోట్లాటలు పెట్టుకున్నదని ఆమెకి సిగ్గేసింది. రోజూ దీన్ని చూస్తూ వచ్చి కూడా వాటీ ఇంట్లో ఒక్క మాట చెప్పలేదని కోపం కూడా వచ్చింది.

గంట గడిచాక బోటు నెమ్మదించింది. అక్కణ్ణుంచీ ముందుకీ వెనక్కీ, కాస్త ఎడమకీ కాస్త కుడికీ జరుగుతోంది. ఫర్కర్, టాటీ ఇద్దరూ నీళ్ళకేసి చూడటం లేదు, మెడలు సాచి ఒడ్డుకేసి చూస్తున్నారు.

"ఏం వెతుకుతున్నార్రా?" అని అరిచింది జేమ్సీనా. "మీ గుంట ఒడ్డు మీదుందా?"

"ఏం లేదు వదినా!"

"చోటు చూపించే మిషనుందిగా బోట్లో?"

"అన్న దాన్ని నమ్మేవాడు కాదు," అని అరిచాడు టాటీ. "దానికి టోపీ తగిలించేవాడు!"

"మరి దేన్ని చూసి చెప్పేవాడు?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. గుంట గుట్టు ఆడవాళ్ళకి చెప్పకూడదు, పాదిరికి అసలే చెప్పకూడదు. ఇక్కడ తాడు చివర ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు.

"నా మొగుణ్ణి ఎక్కడ పోస్తున్నారో నాకు తెలియాలి, ఫర్కర్! చెప్పకపోతే ఈ తాడు పట్టుకుని పాక్కుంటూ బోటెక్కేస్తా!"

అది పనిచేసింది. ఫర్కర్ ఒక చెయ్యి ఇనప చక్రం మీద వేసి, రెండో చెయ్యి ఒడ్డుకేసి చాపాడు.

"దీపస్తంభం కొండ చాటు నుంచి బయటపడాలి వదినా. అది పడింది. ఇప్పుడు గంటల ఇల్లు మీ గోడ నెత్తిన ఎక్కాలి!"

నీళ్ళ మీద చర్చి అన్న మాట కూడా అనకూడదు కనక గంటల ఇల్లు. జేమ్సీనా చూసింది. గుట్ట మీద పాదిరమ్మ చర్చి శిఖరం సన్నగా, సూదిలా ఉంది. కింద, బూడిదరంగు గోడలన్నీ రాళ్ళలో కలిసిపోయి ఏది ఎవరిదో తెలీకుండా ఉన్న వరసలో, ఒక్క గోడ తెల్లగా మెరుస్తోంది. బోటు జరిగేకొద్దీ శిఖరం ఇళ్ళ కప్పుల మీదుగా నడుచుకుంటూ వచ్చింది. బీనీ పొగగొట్టం దాటింది, సందు దాటింది, వచ్చి తిన్నగా ఆ తెల్లగోడ నడినెత్తిన నిలబడింది. టాటీ ఇంజను ఆపేశాడు.

ఏటా రెండు పూతల సున్నం, నల్లదుప్పట్లు, ఖాళీ బోటు, తెలుపే అని మొండికెత్తడం, అన్నీ ఒక్కసారిగా జేమ్సీనా గుండెలో వచ్చి పడ్డాయి.

"అయితే మనిద్దరినీ చూసుకోకుండా ఈయన ఒక్క చేప కూడా పట్టలేదన్నమాట," అంది రోనా మెల్లిగా.

జేమ్సీనాకి ఏడుపొచ్చింది, దాంతోపాటే చెడ్డ కోపం వచ్చింది. "చెప్పొచ్చుగా!" అని చుక్కాని ముందు కుర్చీలో ఉన్న టోపీ మీద కేకలేసింది. "ఒక్క మాట చెప్తే నోరు పడిపోయేదా! నీ గోడ చూసుకునే ఇంటికొస్తున్నానని ఒక్కసారి అంటే నీ సొమ్మేం పోయేది, మొండిముండావాడా!" తర్వాత స్వెట్టరు చేతితో ముక్కు తుడుచుకుంది. "ఆయన్నిటివ్వండి."

"వదినా, బోటు మీంచే కదా కలపాలి..."

"గుంట దగ్గర అన్నాడు, బోటు మీంచి అనలేదు. ఇటివ్వు."

తాడు దగ్గరికి లాగి, పెట్టెని చేపల బుట్టలో పెట్టి, కొక్కెం కర్రతో దింపారు. బతికున్నన్నాళ్ళూ నల్లకోటు నీడ పడితే ఇంటికి పరిగెత్తిన వాటీ బెయిన్ చివరికి పాదిరమ్మ ఒళ్ళో దిగాడు. ఆవిడ ప్రార్థన చదివింది, పొట్టిగా కాదు, మొత్తం. పైన ఇద్దరూ ఒక చేత్తో టోపీలు తీసి, రెండో చెయ్యి ఇనుము మీంచి తియ్యకుండా, ఆమెన్‌లు మాత్రం గట్టిగానే చెప్పారు. జేమ్సీనా పెట్టె వంచింది. చాలావరకు గుంటలోకి వెళ్ళాడు. ఇంతలో ఎక్కణ్ణుంచో ఒక గాలి తెర వచ్చి, మిగిలిన కాస్త వాటీని తీసుకెళ్ళి రోనా నల్లకోటు నిండా చల్లింది.

ఫర్కర్ మొహం చూడాలి. రోనా దులపబోయింది.

"దులపకమ్మా," అంది జేమ్సీనా. మొదటిసారి ఆవిణ్ణి నువ్వు అంది. "కాసేపుండనీ. నీకు ఆయన బాకీ ఉన్నాడు."

ఇంజను వేశారు. తాడు మళ్ళీ పొడుగయ్యేలోగానే ఫర్కర్‌కి ఏదో గుర్తొచ్చి, బోటు వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. వాడి మొహం సున్నం కన్నా తెల్లగా ఉంది.

"వదినా! ఆ పసుపు డబ్బా!"

"ఏ డబ్బా?"

"నువ్వు కొన్నావని బీనీ చెప్పింది. ఆ గోడకి రంగు మార్చకు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. పసుపైతే వెనకాల గుట్ట మీదున్న ఎండుగడ్డిలో కలిసిపోతుంది. గుంట దొరకదు. మేం అడుక్కు తినాలి!"

జేమ్సీనా తిరిగి తెల్లగోడకేసి చూసింది. మొహం మీదికి ఇంజను పొగ వచ్చింది, దగ్గలేదు. ఇన్నేళ్ళలో ఆ ఊరి మగవాడొకడు ఆమెని బతిమాలడం ఇదే మొదలు. ఆ రుచి కాసేపు నోట్లో ఉంచుకుంది.

"ఆలోచిస్తా," అంది. "సోమవారం పొద్దున పాదిరమ్మ రేవు గోడ మీద నడవాలనుకుంటోంది."

"నడుచుకోమను! మేం వెళ్ళాక..."

"మీరు వెళ్ళేటప్పుడే. తిరిగొచ్చేటప్పుడు కూడా, సరదా పుడితే. డబ్బా మూత ఇంకా తియ్యలేదులే, ఫర్కర్. స్క్రూడ్రైవరు మాత్రం పక్కనే పెట్టుకున్నా."

సోమవారం పొద్దున బంగళా పొయ్యి పొగ చిమ్మలేదు. రోనా గుట్ట దిగింది, ఎర్రజుట్టు గాలికి వదిలేసి, నల్లకోటు వేసుకుని. రేవు గోడ మొదట్లో ఫర్కర్, టాటీ ఎదురుపడ్డారు. ఇద్దరూ దెయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయారు. టాటీ బూట్లు వాటంతటవే ఇంటివైపు తిరిగాయి. ఫర్కర్ తలెత్తి చూశాడు. తెల్లగోడ కింద, మెట్టు మీద, జేమ్సీనా కాళ్ళ మధ్య పసుపు డబ్బా పెట్టుకుని, మూత అంచున స్క్రూడ్రైవరు ఆనించి కూర్చుని ఉంది.

ఫర్కర్ రేవులోని ఇనప కడ్డీని ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో టోపీ తీశాడు.

"నమస్కారమండీ," అన్నాడు తెల్లగోడకేసి చూస్తూనే. టాటీ చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయి బోటెక్కించాడు.

బోటు రేవు దాటేదాకా జేమ్సీనా అక్కడే కూర్చుంది. తర్వాత డబ్బాని లోపల టీ డబ్బా పక్కన, ఖాళీ అయిన చోట పెట్టి, బకెట్లో సున్నం కలుపుకుని బయటికొచ్చింది. వసంతం వచ్చేసింది, ఒక పూత ఆలస్యమైంది కూడా. నిచ్చెన వేసి రెండు మెట్లెక్కేసరికి అది కాస్త ఊగింది. కిందికి చూస్తే, నడక మధ్యలో ఆపి వచ్చిన పాదిరమ్మ రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది.